ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం

ఎఫ్‌ఆర్‌బీఎం, అంటే ద్రవ్య బాధ్యత, బడ్జెట్ నిర్వహణ చట్టం. కేంద్ర ప్రభుత్వ లోటుకు పరిమితి పెడుతూ పార్లమెంటు 2003లో దీన్ని ఆమోదించింది. 2004 జూలై 5 నుంచి అమల్లో ఉంది. ద్రవ్య లోటును, అంటే ఏటా అప్పుతో పూడ్చే లోటును, జీడీపీలో 3 శాతానికి దించడం, రోజువారీ ఖర్చులకు రాబడి చాలక ఏర్పడే రెవెన్యూ లోటును పూర్తిగా తుడిచిపెట్టడం తొలి లక్ష్యాలు.

2007-08లో ద్రవ్య లోటు 3 శాతం లోపుకు దిగింది. ఆ ఘనతంతా చట్టానిదే అనలేం. అవి వృద్ధి జోరుగా సాగి పన్నుల రాబడి పొంగిన ఏళ్లు. పైగా చమురు, ఎరువుల సంస్థలకు ఇవ్వాల్సిన సొమ్ములో కొంత నగదుకు బదులు బాండ్లుగా ఇచ్చారు; అది లోటు లెక్కలోకి ఎక్కలేదు. ప్రపంచ మాంద్యం రాగానే, 2009-10లో లోటు 6 శాతం దాటింది. గడువులు జరుగుతూ వచ్చాయి. 2018 సవరణ రెవెన్యూ లోటు లక్ష్యాన్నే ఎత్తేసి, కేంద్రం అప్పును 2024-25 కల్లా జీడీపీలో 40 శాతానికి తేవాలంది. గడువు ముగిసేనాటికీ అది 50 శాతానికి పైనే ఉంది.

లెక్క తప్పించడం ఎలా ఉంటుందో భారత ఆహార సంస్థ పద్దులో కనిపిస్తుంది. రేషన్ బియ్యంపై దానికి రావాల్సిన సబ్సిడీలో కొంత ఆపి, జాతీయ చిన్న మొత్తాల పొదుపు నిధి నుంచి అప్పు ఇప్పించేవారు. ఖర్చు బడ్జెట్లో కనిపించదు, బాకీ మాత్రం పెరుగుతుంది. ప్రభుత్వ పద్దులు తనిఖీ చేసే కాగ్ దీన్ని తప్పుపట్టింది. 2021 ఫిబ్రవరి బడ్జెట్లో ఆ బాకీలు తీర్చడంతో, కరోనా కాలపు ఉచిత ధాన్యం ఖర్చు కూడా కలిసి, 2020-21 ఆహార సబ్సిడీ అంచనా 1.15 లక్షల కోట్ల నుంచి 4.22 లక్షల కోట్ల రూపాయలకు ఎగబాకింది.

రాష్ట్రాల మీద నిబంధన పట్టు కాస్త గట్టిది, ఎందుకంటే తాళంచెవి కేంద్రం చేతిలో ఉంది. సి.రంగరాజన్ అధ్యక్షతన 12వ ఆర్థిక సంఘం రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చిన రుణాలను 20 ఏళ్ల గడువుకు, 7.5 శాతం వడ్డీకి మార్చాలని సూచించి, సొంత ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం చేసిన రాష్ట్రాలకే ఆ వెసులుబాటు అంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2005లో చట్టం చేసింది. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పుకు దాని అనుమతి తీసుకోవాలని రాజ్యాంగం 293(3) అధికరణం కూడా చెబుతోంది.

రాష్ట్రాలూ దారి వెతుక్కున్నాయి: కార్పొరేషన్ పేరిట అప్పు, ప్రభుత్వం గ్యారంటీ. తెలంగాణలో కాళేశ్వరం ఎత్తిపోతల పథకానికి కార్పొరేషన్ తెచ్చిన రుణాలు ఈ కోవలోవే. రాష్ట్ర బడ్జెట్ నుంచి తీర్చే ఇలాంటి అప్పులను రుణ పరిమితిలోనే లెక్కిస్తామని 2022లో కేంద్రం రాష్ట్రాలకు తెలిపింది.