కుమ్మరి బట్టీలో శాస్త్రాభ్యాసం – బెర్నార్ పాలిసీ

16వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు కుమ్మరి ఒకడు పారిస్ నగరంలో పండితులకు ప్రకృతిశాస్త్రం బోధించినాడు. అతని పేరు బెర్నార్ పాలిసీ. 1510 ప్రాంతంలో జన్మించిన ఇతడు లాటిన్, గ్రీకు భాషలు ఎరుగడు. గాజుపలకలపై చిత్రాలు వేస్తూ, భూములు కొలుస్తూ సాంత్ పట్టణంలో కాపురముండినాడు. ఒకనాడు తెల్లని నునుపైన పూత గల మట్టిగిన్నె అతని కంటబడినది. అట్టి పూతను తానే తయారుచేయవలెనని పట్టుబట్టినాడు.

ఆ పూత రహస్యమేమి? సీసం కలిసిన గాజు వేడికి కరిగి పాత్రను అంటుకుంటుంది. అందులో కరగక మిగిలిన తగరపు ఆక్సైడు రేణువులు కాంతిని నలుదెసలకు చెదరగొట్టడంచేత పూత తెల్లగా కనబడుతుంది. పాలిసీకి ఈ సంగతి చెప్పేవారు లేరు. కుండపెంకులపై రకరకాల పొడులు పూసి, దేనిపై ఏది పూసినదీ వ్రాసి ఉంచుకొని కాల్చేవాడు. ఒకసారి 300కు పైగా నమూనాలను గాజుబట్టీకి పంపగా ఒక్కటి మాత్రమే తెల్లగా మెరిసినది. అదే పూతను తన బట్టీలో, నిండు పాత్రలపై సాధించడం మరింత కష్టమైనది. కట్టెలు అయిపోగా తోటలోని గుంజలు, తుదకు ఇంటి బల్లలు, నేలపలకలు మంటలో వేసినాడు. అప్పులు పెరిగినవి. ఇరుగుపొరుగువారు పిచ్చివాడన్నారు. ఇట్లు సుమారు 16 ఏళ్ళు గడిచినవి.

పిమ్మట పాములను, తొండలను, చేపలను, గుల్లలను అచ్చుతీసి పళ్ళేలపై అమర్చినాడు. అక్కడ మరొక చిక్కు: పాముల రంగు కరగకముందే తొండల ఆకుపచ్చ మాడిపోయేది. ఒక్కొక్క రంగు ఒక్కొక్క వేడికి కరుగుతుందని బట్టీయే అతనికి నేర్పినది.

జీవుల రూపాలను ఇంత నిశితంగా చూచిన కంటికి రాళ్ళలోని గుల్లలు ప్రకృతి చేసిన వింతబొమ్మలుగా తోచలేదు. అవి జలప్రళయంలో కొట్టుకొనివచ్చినవన్న మాటనూ అతడు ఒప్పుకొనలేదు. అవి ఆయా చోట్లనే నీటిలో బ్రతికిన ప్రాణుల అవశేషాలన్నాడు. ఊటలకు మూలం వాననీరే అన్నాడు. 1575లో పారిస్‌లో ఉపన్యాసాలు ప్రారంభించినాడు. ప్రవేశానికి ఒక ఎక్యూ నాణెం. చెప్పినది తప్పని రుజువుచేసినవారికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు.

ఈ విషయాలను 1580లో గ్రంథంగా ప్రకటించినాడు. అందులో ‘సిద్ధాంతం’, ‘ఆచరణ’ అనే రెండు పాత్రలు సంభాషిస్తవి. ప్రశ్నలడిగేది సిద్ధాంతం, బోధించేది ఆచరణ. ప్రొటెస్టంటు మతాన్ని విడువనందున చెరపాలై, 1590 ప్రాంతంలో బాస్తీల్ కోటలో మరణించినాడు.

అతడు చెప్పినవన్నీ నేడు నిలువలేదు. కాని చేసిన ప్రతి పరీక్షనూ వ్రాసిపెట్టడం, తన మాటను పదిమంది ముందు పరీక్షకు నిలబెట్టడం – ఈ రెండు అలవాట్లూ ప్రయోగశాలలో నేటికీ మొదటి పాఠాలే.