పల్లేరు: మన పూర్వులు తెచ్చిన పేరు

మన పూర్వులు దక్షిణాఫ్రికాలో అడుగుపెట్టినప్పుడు ఇక్కడ వారికి తెలిసిన ముఖాలు లేవు గాని, తెలిసిన మొక్క ఒకటి ఉండినది. అది పల్లేరు.

1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసునుండి డర్బన్ చేరినది. అది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాలుకు వచ్చారు. వారిలో విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు మొదలైన జిల్లాల తెలుగువారు అనేకులు. మెట్టచేలలోను, పశువుల బీళ్లలోను నేలబారుగా పాకే పల్లేరును వారికి పరిచయం చేయనక్కరలేదు. అయిదు రేకుల పసుపుపచ్చని పువ్వు, చుట్టూ ముళ్లున్న కాయ. చెప్పులు లేని కాలికి ఆ ముల్లు ఒక్కసారి గుచ్చుకుంటే చాలు, పేరు ఇక మరపురాదు.

సంస్కృతంలో దీనిని గోక్షురమంటారు. ఆయుర్వేదంలోని దశమూలాలలో ఇది ఒకటి. మూత్రం మంటగా, బొట్లుబొట్లుగా వచ్చేవారికి వైద్యులు పల్లేరుకాయల కషాయం ఇచ్చేవారు. కరవు కాలంలో ఆ కాయలనే దంచి పిండి చేసుకొని తిన్నవారు కూడా ఉన్నారు.

ఈ మొక్కను ఎవరూ ఓడలో తేలేదు. ఆఫ్రికా పొడినేలలలో కూడా ఇది సహజంగా పెరిగేదే. అయితే కరూ ప్రాంతపు గొర్రెల కాపరులకు ఇది ఔషధం కాదు, భయం. వాడిన పల్లేరును మేసిన గొర్రెలకు దానిలోని సాపోనిన్ల వలన పైత్యనాళాలు పూడుకుపోయి, ఎండ తగిలినప్పుడు ముఖమూ చెవులూ వాచి చర్మం పచ్చబడుతుంది. ఈ జబ్బును ప్రసిద్ధ పశువైద్యుడు ఆర్నాల్డ్ థైలర్ గత శతాబ్ది తొలి దశకాలలో పరిశోధించాడు. ఒకే మొక్క ఒకచోట మందు, మరొకచోట విషం! కనుక పెద్దల మాట విన్నంత మాత్రాన వైద్యుని అడగకుండా కషాయం కాచుకోరాదు.

మొక్క ఈ నేలదే. ‘పల్లేరు’ అన్న మాటను, దాని గుణాన్ని ఎరిగిన తెలివిని మాత్రం మన పూర్వులు తమతో తెచ్చారు. 1996 నాటి రాజ్యాంగం గౌరవించవలసిన భాషలలో తెలుగును పేరెత్తి చెప్పింది. కాని రాజ్యాంగంలో ఉన్నంత మాత్రాన భాష ఇంట్లో నిలువదు. పల్లేరు విత్తనం మట్టిలో ఏళ్ల తరబడి ఓపికగా పడివుండి, వాన పడగానే మొలుస్తుంది. మాటకు అంత ఓపిక లేదు. పలికేవారు పోతే అదీ పోతుంది.

అందుచేత మన ఇళ్లలోని అవ్వలను, తాతలను అడిగి, వారికి గుర్తున్న మొక్కల తెలుగు పేర్లను ఈ ఏడే వ్రాసి ఉంచుకొందాము.