గోదావరి డెల్టాలో తూటి ప్రజాతి: గుర్తింపు చరిత్ర

కాలువ నీటిలో పాకే తూటికూర, గట్లపై పొదలుగా పెరిగే లొట్టపీసు, సముద్రపు ఒడ్డున ఇసుకను కప్పే బాలబందతీగ, పెరటి పందిరికెక్కే కాశీరత్నం, శివరాత్రి ఉపవాసంలో ఉడికించి తినే చిలగడదుంప అనేవి గోదావరి డెల్టాలో వేర్వేరు పేర్లతో పిలువబడుతున్నా, వృక్షశాస్త్రం వీటన్నింటినీ కన్వాల్వులేసీ కుటుంబంలోని ఐపోమియా అనే ఒకే ప్రజాతిలో చేర్చింది. 

ఐపోమియా అన్న పేరును 1753లో లిన్నేయస్ స్థిరపరచగా, ఆయన శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడికి వచ్చి, కోరమాండల్ తీరపు మొక్కలను సేకరిస్తూ 1785లో కాకినాడ వద్ద జగన్నాథపురంలో మరణించాడు. ఆయన మిత్రుడైన విలియం రాక్స్‌బర్గ్ 1781 నుండి సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా ఉంటూ అక్కడ ప్రయోగాత్మకమైన తోటను పెంచాడు. 1787 నాటి తుపాను ముంపులో పుస్తకాలను, సేకరణలను పోగొట్టుకొని కూడా పని మానక, భారతీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు గీయించి, స్థానికులు చెప్పిన తెలుగు పేర్లను శ్రద్ధగా నమోదు చేశాడు. 1793లో ఆయన కలకత్తా ఉద్యానానికి వెళ్లగా, ఆయన రాసిన మొక్కల వర్ణనలు మరణానంతరం ‘ఫ్లోరా ఇండికా’గా వెలువడ్డాయి. కంచెలకు అల్లుకొనే మెట్టతూటికి కోనిగ్ పెట్టిన ‘సెపియారియా’, అనగా కంచెకు చెందినది అన్న పేరు ఈ గ్రంథం ద్వారానే ప్రచారంలోకి వచ్చింది. ఈ మొక్కను ఇప్పుడు ఐపోమియా మార్జినేటాగా పరిగణిస్తున్నారు.

తరువాత వాల్టర్ ఎలియట్ తెలుగు పేర్లతో కూర్చిన ‘ఫ్లోరా ఆంధ్రికా’ 1859లోను, గాంబుల్ ప్రారంభించిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షసంపద గ్రంథం 1915-1936 మధ్యను, తూర్పు గోదావరి జిల్లా వృక్షజాలంపై ప్రత్యేక గ్రంథం 1999లోను వెలువడ్డాయి.

పూవు రంగు నేలనుబట్టి, వయస్సునుబట్టి మారుతుంది గనుక గుర్తింపుకు అది చాలదు. 1893లో వృక్షశాస్త్రజ్ఞుడు హాలియర్ పరాగరేణువులపై ముళ్లు ఉండటాన్ని వర్గీకరణకు ఆధారం చేసిన తరువాత, నున్నని రేణువులుగల మెరీమియా వంటివి ఐపోమియానుండి వేరుపడ్డాయి. సూక్ష్మదర్శిని లేనప్పుడు కీలాగ్రాన్ని, అనగా పుప్పొడిని గ్రహించే కొనను చూడాలి. అది ఐపోమియాలో గుండ్రని బొడిపెలాగాను, అదే కుటుంబంలోని కన్వాల్వులస్ ప్రజాతిలో సన్నని చీలికలుగాను ఉంటుంది. ఆ పిమ్మట ఆకులు దారి చూపుతాయి: మేక గిట్టవలె రెండుగా చీలినది బాలబందతీగ, ఈకవలె సన్నగా చీలి ఎర్రని గొట్టపు పూలు పూసేది కాశీరత్నం, అరచేయివలె చీలి నూగుతో ఉండేది మేకమడుగు. తోటల్లో పెంచే నీలి పూల తీగలలో నిల్ జాతి రక్షకపత్రాలు, అనగా పూవు అడుగునుండే ఆకుపచ్చని రేకులు, పొడవుగా సాగి వెంట్రుకలతో ఉంటాయి; పర్‌ప్యూరియాలో అవి పొట్టివి. చిలగడదుంప అమెరికా ఖండం నుండి వచ్చిన సాగు మొక్క కాగా, దానికి అత్యంత సన్నిహితమైన అడవి బంధువు ఐపోమియా ట్రైఫిడా అని 2018లో ప్రచురితమైన జన్యు పరిశోధన తేల్చింది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు విస్తరించడంతో డెల్టాలో నీటి తూటికి తావులు పెరిగాయి. ఆ కాలువల గట్లనే అమెరికా ఉష్ణమండలం నుండి వచ్చిన లొట్టపీసు కూడా ఆక్రమించింది. రెండింటికీ కాడ బోలుగా ఉండి, పూలు లేత గులాబీ ఛాయలో ఉంటాయి గనుక, కూర కోసేవారు పూవును కాక పెరిగే తీరును చూడాలి: తూటికూర నీటిపై తేలుతూ కణుపుల వద్ద వేళ్లు వేస్తుంది, దాని ఆకు బాణపు మొనవలె ఉంటుంది, లొట్టపీసు మనిషెత్తు వరకు నిలువుగా పెరిగి హృదయాకారపు ఆకులు వేస్తుంది. మొదటిది కూర, స్వైన్‌సోనైన్ అనే విషాన్ని కలిగిన రెండవది మేకలను సైతం జబ్బుపరుస్తుంది.