సంతకం నీదైతే

2025 ఏప్రిల్ 20, ఈస్టర్ తెల్లవారుజాము. సోనాపూర్ కార్మికుల క్యాంపు ముందు వ్యాను కోసం నిలబడ్డారు మీరు. ఊళ్లో అయితే ఈపాటికి సమాధుల తోటకు బయల్దేరేవారు. సున్నం వేసిన సమాధుల మీద కొవ్వొత్తులు, బంతిపూలు, నిద్ర కళ్లతో పిల్లలు. దుబాయ్‌లో మీవాళ్ల సమాధుల్లేవు. ఇక్కడ పోయినవాళ్లు పెట్టెలో శంషాబాద్ చేరతారు.

వ్యాను ఊద్ మేథాలో ఆగుతుంది. హోలీ ట్రినిటీ చర్చి ఆవరణలో ఒక్కో హాలు నుంచి ఒక్కో భాష వినిపిస్తోంది. మీ హాల్లో చీరకొంగులు, ఇస్త్రీ మడత చెదరని చొక్కాలు. పాస్టరుగారు సూటిగా మొదలుపెడతారు: శుక్రవారం చనిపోయినవాడు జబ్బుచేసి పోలేదు. అరెస్టు చేశారు, విచారించారు, రోమా గవర్నరు పిలాతు మరణశిక్ష వేశాడు. పండక్కి ఖైదీని వదిలే ఆనవాయితీ ఉంటే జనం బరబ్బను వదలమన్నారు. రంజాన్‌కు ఇక్కడి పాలకులు ఖైదీలను క్షమించి వదలడం మీకు గుర్తొస్తుంది.

ఆరాధన అయ్యాక చెట్టు కింద టీ. మాట బేకరీ వైపు మళ్లుతుంది. తొమ్మిది రోజుల కిందట, ఏప్రిల్ 11న, ఈ నగరంలోనే ఒక బేకరీలో తోటి పనివాడి కత్తికి ఇద్దరు తెలంగాణవాళ్లు బలయ్యారు. ఒకరిది నిర్మల్ జిల్లా, ఇంకొకరిది నిజామాబాద్.

"గసుంటోన్ని కాల్చి పారెయ్యాలె అన్నా," అంటాడు మీ పక్కనున్న నిర్మల్ కుర్రాడు. ఈ దేశంలో మరణశిక్ష అంటే కాల్చడమే. మీ తల దానంతటదే ఊగుతుంది.

కోనసీమ పెద్దాయన టీ కప్పు దించుతాడు. "ఆ మాట చెప్పాల్సింది మనం కాదు తమ్ముడూ. ఇక్కడ చట్టం చచ్చిపోయినోడి ఇంటివాళ్లనే అడుగుద్ది. వాళ్లు క్షమిస్తే ప్రాణం దక్కుద్ది."

అలా దక్కిన ప్రాణం అందరికీ తెలిసిందే. 2012లో కారు గుద్ది సూడాన్ పిల్లవాడు చనిపోతే కేరళ డ్రైవరుకు మరణశిక్ష పడింది. లులు సంస్థల అధినేత యూసఫ్ అలీ 5 లక్షల దిర్హాములు కట్టారు, ఆ కుటుంబం క్షమించింది, 2021లో అతను ఇల్లు చేరాడు. కానీ అందరికీ యూసఫ్ అలీ దొరకడు. మొన్న ఫిబ్రవరిలోనే ఇద్దరు కేరళవాళ్లకు, ఒక ఉత్తరప్రదేశ్ మహిళకు ఈ దేశంలో శిక్ష అమలైంది.

"మన దగ్గర?" అని మీరే అడుగుతారు.

"మన దగ్గర రాష్ట్రపతిని అడుగుతారు," అంటాడాయన. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సుకు నిప్పుపెడితే 23 మంది కాలిపోయారు. ఆ కేసులో ఇద్దరు దళిత యువకులకు 1997 మార్చి 29న ఉరి ఖాయం చేశారు. ముందురోజు గుడ్ ఫ్రైడే. ఇంకొన్ని గంటలుందనగా సుప్రీంకోర్టు ఆపింది. మరుసటి ఏడాది రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. "ప్రాణాలు నిలబడ్డాయి, మంచిదే. కాలిపోయినోళ్ల ఇళ్లకెళ్లి మీరేవంటారని మాత్రం చట్టం అడగలేదు."

కుర్రాడు చాలాసేపు నేలచూపులు చూస్తాడు. "మాఫీ కాయితం మీద సంతకం నాదైతే నేను పెట్టనన్నా. ఇయ్యాల్నైతే పెట్ట."

పెద్దాయన అతన్ని తప్పుపట్టడు. "పెట్టమని నేనూ అన్ను. లేచినాయన చేతుల్లో మేకుల గాయాలు అలాగే ఉన్నాయి కదా. నొప్పి లేదని ఎవరు చెప్పారు? కాకపోతే ఆయన లేచి పిలాతు ఇంటికెళ్లలేదు. తనను వదిలేసి పారిపోయిన స్నేహితుల దగ్గరికెళ్లాడు."

ఎవరినో ఉరి తీయాలని ఫోన్లో రాయడం మీకు అలవాటే. అలా రాసిన ఏ రోజూ కలం నిజంగా మీ చేతిలో లేదు. ఇక్కడ మాత్రం సొంత బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందుకే ఆ కాగితం వస్తుంది. ఆమె పెట్టినా, పెట్టకపోయినా తీర్పు చెప్పే అర్హత మనకు లేదు. అడగాల్సింది మనల్నే: ఆమె చోట కూర్చునే ధైర్యం లేకుండా, చావమనే మాట అంత తేలిగ్గా నోటికెలా వస్తోంది?