వానరాకడ తెలిసిన విధము: శ్రీకాకుళ, విజయనగర మండలములలో వాతావరణ సూచనల చరిత్ర

"వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరికెఱుక" అను సామెత తెలుగుదేశమున పుట్టి ఎన్ని తరములైనదో చెప్పుట కష్టము. దానిలో రెండవ సగము నేటికిని నిజమే. మొదటి సగము మాత్రము గడచిన నూటయేబది సంవత్సరములలో కొంచెము కొంచెముగా సడలుచు వచ్చినది. కళింగపట్నము రేవును, శ్రీకాకుళము వంతెనను, వంశధార గట్టును ఎఱిగినవారికి ఈ మార్పు వట్టి పుస్తకముల మాట గాదు. సముద్రమునకును తూర్పు కనుమలకును నడుమ సన్నని పట్టెవలె నున్న ఈ సీమకు ఆపద రెండు దిక్కుల నుండి వచ్చును. తూర్పున సముద్రము నుండి తుపాను. పడమట కొండల నుండి ఏటివరద. ఒక్కొకప్పుడు రెండును ఒకే దినమున వచ్చి కలిసికొనును.

వానను కొలుచుట ఈ దేశమునకు క్రొత్త గాదు. కోష్ఠాగారమునందు మూరెడు వెడల్పు మూతిగల కుండమును వర్షమానముగా నుంచవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. మెట్టదేశములకు 16 ద్రోణములు, చిత్తడి దేశములకు అంతకు సగము అధికము, అశ్మకమునకు పదుమూడున్నర, అవంతికి 23 ద్రోణములు అని అది లెక్క చెప్పుచున్నది. అశ్మకమనగా నేటి బోధను ప్రాంతము చేరియున్న గోదావరి సీమయే. రాజునకు ఈ లెక్క యెందులకు? పంట యెంత, పన్నెంత అని తెలిసికొనుటకు. ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘములు గర్భము దాల్చుననియు, ఆ చిహ్నములు కానవచ్చిన 195 దినములకు వాన ప్రసవించుననియు వ్రాసెను. ఆ గణితము నేటి శాస్త్రమునకు నిలువదు. అయినను, ఒక కాలపు గాలి మరియొక కాలపు వానకు కారణమగునను ఊహ మాత్రము తేలికగా త్రోసివేయదగినది గాదు. 1886లో భారత వాతావరణశాఖ హిమాలయముల మంచును జూచి ఋతుపవనమును ముందుగా చెప్పుట కారంభించినప్పుడు ఆ ఊహనే వేఱొక మార్గమున అనుసరించినది.

రైతుకు ఈ గ్రంథములకంటె కార్తెలు దగ్గఱ. రోహిణి యెండ, మృగశిర తొలకరి, ఆరుద్ర నాటిన విత్తు, హస్త చిత్తల వానలు, స్వాతి గాలులు అని ఇరువదియేడు కార్తెలుగా సంవత్సరమును పంచుకొని సేద్యము నడిపిరి. కార్తె చెప్పునది శతాబ్దముల సగటు. ఏ పక్షమున వాన రావలెనో అది చెప్పగలదు. ఈ యేట ఏ దినమున వచ్చునో చెప్పజాలదు. తుపానును అసలే చెప్పజాలదు. చీమలు గ్రుడ్లు మోయుట, తూనీగలు నేలబారున ఎగురుట కొన్ని గడియల ముందు తేమను తెల్పును. దానిని పరిహసింప బనిలేదు, దానిని నమ్మి వేటపడవను తోయనూ బనిలేదు.

తుపాను సుడి తిరుగు గాలియని స్పష్టముగా తెలిసినది పందొమ్మిదవ శతాబ్దముననే. కలకత్తాలో నున్న హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడు బంగాళాఖాతపు గాలివానల వివరములను ఓపికగా సేకరించెను. 1789 డిసెంబరులోను, తిరిగి 1839 నవంబరులోను గోదావరి ముఖమునగల కోరంగి రేవును సముద్రము ముంచివేసిన వృత్తాంతములు వానిలో ముఖ్యమైనవి. పాము చుట్టను స్ఫురింపజేయు గ్రీకు పదమునుండి "సైక్లోన్" అను పేరును 1848లో ఆయనయే కల్పించెను. లోకమంతయు వాడుచున్న ఆ మాటకు మూలము కొంతవఱకు తెలుగు తీరపు కన్నీరే యన్నచో అతిశయోక్తి కానేరదు.

అదే కాలమున విశాఖపట్నమున గోడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంత ధనముతో వేధశాల నెలకొల్పిరి. ఆయన 1856లో పరమపదించిన పిమ్మట అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని పోషించి, గ్రహనక్షత్రములతోబాటు గాలివానల పరిశీలనయు సాగించుచు 1892 వఱకు జీవించిరి. రాజాశ్రయము గాని విశ్వవిద్యాలయము గాని లేని దినములలో ఒక తెలుగు కుటుంబము చేసిన ఈ పని ఉత్తరాంధ్రమున నేడు చాలమందికి తెలియకపోవుట విచారకరము.

1864లో అక్టోబరు 5వ తేదీన కలకత్తాను, నవంబరు 1వ తేదీన మచిలీపట్నమును ఘోరమైన తుపానులు తాకినవి. మరునాటి యేటనే కలకత్తా రేవునకు హెచ్చరికలు పంపు ఏర్పాటు జరిగెను. 1875లో భారత వాతావరణశాఖ పుట్టినది. హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దాని ప్రథమాధికారి. అది పుట్టి ఏడాది నిండిన వెంటనే, 1876 అక్టోబరులో, ఒకే మాసమున రెండు తుపానులు వచ్చినవి. మొదటిది విశాఖపట్నపు తీరమును తాకెను. రెండవది మాసాంతమున బంగాళములోని బాకర్‌గంజ్ మీద పడి లక్షలకొలది ప్రాణములను బలిగొనెను. ఈ రెండింటిని జతచేసి జాన్ ఎలియట్ ఒక నివేదిక వ్రాసెను. బ్లాన్‌ఫర్డ్ తరువాత శాఖాధిపతి యైనవాడు ఈతడే. ఆ 1876వ సంవత్సరముననే వరదకు శ్రీకాకుళము వద్ద లాంగుల్యానదిపై గల రాతి వంతెన కమానులు కొన్ని కొట్టుకొనిపోయెను. తుపాను ఏ దారిని వచ్చినదో, ఎచ్చట భారమితి ఎంత దిగినదో పిదప అచ్చులో చదువుకొనుటకు వీలైనది గాని, వంతెనమీద నడచువానికి ముందుగా ఒక్క మాట చెప్పువాడు లేకపోయెను. తెలివి యప్పటికే కొంత యున్నది, లేనిది వేగము.

ఆ వేగమును తంతి తెచ్చినది. రేవులలో పెద్ద స్తంభమునకు పగలు శంకువులను, గొట్టములను వ్రేలాడదీసియు, రాత్రి ఎఱ్ఱ తెల్ల దీపములు వెలిగించియు ఓడలకు గుర్తులు చూపు పద్ధతి యేర్పడెను. కళింగపట్నము, భీమునిపట్నముల పెద్దలకు ఈ గుర్తులు బాగుగా తెలియును. అవి పదునొకండు. ఒకటి, రెండు దూరపు సముద్రమున తుపాను పుట్టినదని. మూడు, నాలుగు రేవునకు గాలివాన భయమున్నదని. అయిదు మొదలు ఏడు వఱకు ప్రమాదము. ఎనిమిది మొదలు పది వఱకు మహాప్రమాదము. పదునొకండవ గుర్తు వీనియన్నింటికంటెను భయంకరము. హెచ్చరిక కేంద్రముతో సంబంధము తెగిపోయినదనియు, ఇక రేవు అధికారి తన కంటితో చూచి చెప్పుచున్నాడనియు దాని యర్థము.

కంటితో చూచి చెప్పుటకును ఒక శాస్త్రము కలదు. వీచు గాలికి వీపు పెట్టి నిలిచినచో అల్పపీడనపు నడిమి యెడమచేతి వైపున ఉండునని 1857లో హాలెండు దేశీయుడు బైస్ బాలట్ నిరూపించెను. శ్రీకాకుళ తీరమున ఈశాన్యపు గాలి వీచుచున్నచో తుపాను ఆగ్నేయమున, సముద్రముమీద నున్నదన్నమాట. ఆ గాలి తూర్పునకు, పిదప ఆగ్నేయమునకు తిరిగినచో తుపాను నడిమి దక్షిణముగా పోవుచున్నది. అప్పుడు గాలి సముద్రమును నేలమీదికి నెట్టును గనుక ఉప్పెన భయమెక్కువ. గాలి ఉత్తరమునకు, పిదప పడమటికి మఱలినచో నడిమి ఉత్తరముగా పోవుచున్నది. ఒకవేళ నడిమి నెత్తిమీదుగానే పోయినచో గాలి హఠాత్తుగా ఆగి నక్షత్రములు కూడ కానవచ్చును. గండము గడచినదని అప్పుడు ఇంటినుండి వెలికివచ్చినవారే మరికొంతసేపటికి ఎదురు దిక్కునుండి వచ్చు గాలికి చిక్కుదురు.

ఇరువదవ శతాబ్దమున పనిముట్లు పెరిగినవి. 1960 ఏప్రిల్ 1వ తేదీన అమెరికా వారు పంపిన టైరోస్ ఉపగ్రహము తొలిసారిగా మేఘములను పైనుండి చూపెను. 1963 ఆగస్టు 4న విశాఖపట్నపు ఆకాశవాణి కేంద్రము మొదలై హెచ్చరిక పల్లెచెవికి చేరెను. విశాఖపట్నమున 1970లో తుపానులను కనిపెట్టు రాడారును, 1974లో తుపాను హెచ్చరిక కేంద్రమును నెలకొల్పిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో పదివేలమంది వఱకు మరణించిరి. పనిముట్టు ఉన్నంత మాత్రమున చాలదనియు, మాట గుడిసె వఱకు పోవలెననియు అధికారులకు అప్పుడు గాని తెలియలేదు.

నేటి పద్ధతి యిది. ప్రతి ఉదయము 8:30 గంటలకు వర్షమాపకములోని నీటిని కొలుతురు. ఒక దినమున 64.5 మిల్లీమీటర్లు దాటినచో భారీవర్షము, 115.6 నుండి అతిభారీ, 204.5 మొదలు అత్యంత భారీ. ఉదయము, సాయంకాలము బెలూనులు పైకెగిరి పైగాలుల వేడిమి, తేమ, వేగములను తెల్పును. రాడారు వానచినుకులనుండి తిరిగివచ్చు ప్రతిధ్వనిని వినును. డాప్లర్ రాడారు, దగ్గఱకు వచ్చు రైలుకూత హెచ్చుగాను దూరమైన కూత తగ్గుగాను వినబడు సూత్రమును బట్టి, ఆ చినుకులు ఎంత వడితో కదలుచున్నవో కూడ పసిగట్టును. ఈ అంకెలన్నియు యంత్రగణకమున పడి రేపటి గాలిగా మారును. ఈ లెక్కను చేతితో చేయ సాహసించినవాడు ఇంగ్లండు దేశీయుడు రిచర్డ్‌సన్. 1910 మే 20వ తేదీన ఆఱు గంటలలో గాలి యెట్లు మాఱినదో ఆయన వారములకొలది లెక్కించెను. ఫలితము పూర్తిగా తప్పెను. అయినను ఆ తప్పు లెక్కను 1922లో ధైర్యముగా అచ్చువేసెను. 1950లో అమెరికాలోని గణకయంత్రము ఇరువదినాలుగు గంటల సూచనను తయారుచేయుటకు ఇంచుమించు ఇరువదినాలుగు గంటలే పట్టెను. అనగా సూచన వచ్చుసరికి వానయు వచ్చుచుండెను!

యంత్రమునకును ఆపద కలదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమువద్ద తీరము దాటునప్పుడు, దానిని అంతవఱకు కనిపెట్టియుండిన రాడారే ఆ గాలికి దెబ్బతినెను. పదునొకండవ గుర్తునకు నూతన రూపమది.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాటెను. గాలి గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు, విసురు 165 వఱకు. అంతకు ఐదేండ్ల ముందు, 2013 అక్టోబరు 12న, గోపాలపురమువద్ద తీరము దాటిన ఫైలిన్ ఇచ్ఛాపురము, సోంపేట, కవిటి ప్రాంతములను దెబ్బతీసియే యుండెను. హెచ్చరిక మనుష్యులను కాపాడగలదు. కొబ్బరిచెట్టును లేవదీసి మరియొక చోటికి చేర్చజాలదు. ఉద్దానమున కొబ్బరి, జీడితోటలు నేలగూలినవి. కొబ్బరి మొక్క కాపునకు వచ్చుటకు ఎన్నేండ్లు పట్టునో ఆ రైతుల నడుగవలెను. గాలిని సరిగా చెప్పినంతనే శాస్త్రము తన పని ముగిసినదనుకొనినను, తోటవాని లెక్క అక్కడనే మొదలగును.

ఏటివరద సంగతి వేఱు. గోదావరికి మహారాష్ట్రమున వానపడినచో నీరు రాజమహేంద్రవరము చేరుటకు దినములు పట్టును. వంశధార, నాగావళులు రెండును సుమారు 250 కిలోమీటర్ల నదులు. కలహండి కొండలలో పుట్టి, నిటారు వాలున దిగి, గంటలలో తీరమునకు వచ్చును. వాన పడునది ఒడిసాలో, మునుగునది శ్రీకాకుళమున. ఇచ్చట ఎండ కాయుచుండగనే ఏఱు పొంగుట అందువలననే. వంశధార పరీవాహము పదివేల చదరపు కిలోమీటర్లకు మించినది. దానిమీద ఒక్క సెంటీమీటరు వాన సమముగా పడినను సుమారు పదికోట్ల ఘనమీటర్ల నీరు, అనగా మూడున్నర టి.ఎం.సి.లకు పైమాట. కొంత నేల త్రాగును. నేల యప్పటికే నానియున్నచో త్రాగదు. 1980 సెప్టెంబరులో వంశధార విజృంభించి గుణుపురమును ముంచి దిగువకు వచ్చినది. కొండవాన ఎంత త్వరగా నదియగునో ఆనాడు రెండు రాష్ట్రములును చూచినవి.

కనుక వరద సూచకుడు రెండు ప్రశ్నలు వేసికొనును. ఎంత వాన రానున్నది? నేల యింకను ఎంత త్రాగగలదు? ఈ రెండింటిని కలిపి ఆఱు గంటలకు, ఇరువదినాలుగు గంటలకు ముందుగా ఆకస్మిక వరద భయమును తెల్పు పద్ధతిని 2020 అక్టోబరులో భారత వాతావరణశాఖ దక్షిణాసియా దేశములకై ప్రారంభించెను. నదిలో గుణుపురము, కాశీనగరములవద్ద నీటిమట్టమును కొలిచి దిగువకు తెలుపుట మరియొక మార్గము. మొదటిది ఊహ, రెండవది సాక్ష్యము. ఊహకు వ్యవధి యెక్కువ, సాక్ష్యమునకు నిశ్చయమెక్కువ. గొట్టా బ్యారేజి తలుపుల వద్ద నున్నవారికి రెండును కావలెను.

చలికాలమున ఈ సీమకు వచ్చు కష్టము చలికంటె అకాలవర్షమే. మైదానమున కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగినచో గాని చలిగాలుల హెచ్చరికకు తావుండదు. తీరమున అది అరుదు. కాని కోసిన వరి పనలుగా చేనిలో పడియున్న డిసెంబరులో రెండు సెంటీమీటర్ల వాన చాలును, ఏడాది కష్టము మొలకెత్తుటకు. భారీవర్షమని పేరైనను దానికి రాదు. 2021 డిసెంబరులో జవాద్ తుపాను ఉత్తరాంధ్రమునకు వచ్చునని హెచ్చరించిరి. అది తీరమునకు చేరకయే మఱలి, బలహీనపడి, 5వ తేదీ నాటికి పూరీ వైపు పోయెను. రాని తుపానుకు భయపెట్టిరని కొందఱు గొణిగిరి. హెచ్చరిక విని తొందరగా కుప్పవేసికొనిన రైతుకు దానివలన నష్టమేమియు లేదు. తీరమంతట వానలు పడనే పడినవి.

అదే యేట సెప్టెంబరు 26వ తేదీ రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నమునకు ఉత్తరముగా సుమారు ఇరువది కిలోమీటర్ల దూరమున తీరమెక్కెను. గాలి గంటకు 75 నుండి 85 కిలోమీటర్లే. తీరము దాటిన తుపాను సామాన్యముగా అణగిపోవును, ఇది అణగిపోలేదు. తెలంగాణము, మహారాష్ట్రము మీదుగా అల్పపీడనమై నడచి, అరేబియా సముద్రమున దిగి, తిరిగి బలము పుంజుకొని, షాహీన్ అను క్రొత్త పేరుతో అక్టోబరు 3వ తేదీన ఒమాన్ దేశపు తీరమును తాకెను.