గోధుమ ఒక్కటే, పద్దులు రెండు

అమెరికా సెనేటర్ యుద్ధం గురించి మాట్లాడితే విదేశాంగం, బడిలో భోజనం గురించి మాట్లాడితే సంక్షేమం అని మన ఆదోని, ఎమ్మిగనూరు పాఠకులు విడదీసి చూడటం సహజమే. అమెరికాలో స్థిరపడి ఈ దేశ చరిత్ర చదివేకొద్దీ ఆ గీత నాకు చెరిగిపోతూ వచ్చింది. జార్జ్ మెక్‌గవర్న్‌నే తీసుకోండి. గోధుమ పండే దక్షిణ డకోటా మనిషి, 1963 నుంచి 1981 దాకా సెనేటర్. మన దగ్గర ఆయన పేరు తెలిసినవాళ్లకు 1972లో నిక్సన్ చేతిలో 49 రాష్ట్రాలు పోగొట్టుకున్న అధ్యక్ష అభ్యర్థిగానే తెలుసు. ఆయన అసలు పని వేరే చోట ఉంది.

రైతుకు ధర నిలబెట్టడానికి అమెరికా ప్రభుత్వం తానే గోధుమ కొని గిడ్డంగులు నింపేది. అది ఇంటి పథకం. నిండిన గిడ్డంగులు ఖాళీ చేయడానికి 1954లో పీఎల్-480 చట్టం తెచ్చింది. అది విదేశాంగం. మన దేశం డాలర్లు లేక రూపాయల్లో చెల్లించి కొన్న గోధుమలు ఆ దారినే వచ్చాయి. 1961లో అధ్యక్షుడు కెనెడీ ఈ కార్యక్రమాన్ని మెక్‌గవర్న్ చేతిలో పెట్టినప్పుడు, మిగులును వదిలించుకోవడం కంటే పేద దేశాల బడిపిల్లలకు పెట్టడం మీద ఆయన దృష్టి పెట్టాడు. సెనేట్‌లోకి వచ్చాక వియత్నాం యుద్ధాన్ని ఎదిరించింది కూడా అదే లెక్కతో: డబ్బంతా బాంబులకే పోయి, ఇంట్లో ఆకలి తీర్చడానికి చాలడం లేదని. వియత్నాంలో బలప్రయోగానికి అధ్యక్షుడికి అధికారమిచ్చిన 1964 టాంకిన్ తీర్మానానికి ఆయనా ఓటేశాడన్నది నిజమే. ఆ మచ్చను దాచి ఆయన్ని పొగడనక్కర్లేదు.

ఇదంతా సొంత రైతుల స్వార్థమే కదా అంటారు. పైగా 1965-67లో మన కరువు రోజుల్లో అధ్యక్షుడు జాన్సన్ గోధుమ ఓడలను నెలనెలా బిగపట్టి, వియత్నాంపై మన విమర్శకూ వ్యవసాయ విధానానికీ కలిపి ముడిపెట్టాడు. తిండిగింజను పగ్గంగా వాడాడు. రెండూ ఒప్పుకుంటాను. అయితే ఆ స్వార్థమే పథకాన్ని బతికించిందని నా వాదన. పేదలు తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చిన ఫుడ్ స్టాంపులను మెక్‌గవర్న్ సమర్థించాడు; అవి దయమీద నడిచి ఉంటే ఆయన ఓటమితోనే పోయి ఉండాలి. పోలేదు. 1973లో వాటిని రైతు రాయితీల చట్టంలోనే కలిపారు. నగరాల సభ్యులు, పల్లెల సభ్యులు ఒకరి ఓటు ఒకరికి అవసరమయ్యారు. 1977లో, పేదవాడు ముందుగా కొంత సొమ్ము కట్టి స్టాంపులు కొనాలన్న నియమం తీసేశారు. అందులో మెక్‌గవర్న్‌తో చేయి కలిపింది గోధుమ పండే కాన్సస్ రాష్ట్రపు రిపబ్లికన్, యుద్ధాన్ని సమర్థించిన బాబ్ డోల్. మన స్టోరు బియ్యం వెనుక కూడా మద్దతు ధరకు వడ్లు అమ్మే రైతు ఉన్నాడు. (పడమటి కర్నూలు కొర్ర, జొన్న రైతుకు మాత్రం ఆ బలం అంతగా దక్కలేదు, సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే కుటుంబాలు తినేది మరెవరో పండించిన బియ్యం.)

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. 2002 వ్యవసాయ చట్టం మెక్‌గవర్న్, డోల్ పేర్లతో విదేశీ బడిపిల్లల భోజన పథకాన్ని నిలబెట్టింది. అమెరికా పత్తి రైతుకు భారీ రాయితీలు ఇచ్చిందీ అదే చట్టం. ఆ రాయితీలు ప్రపంచ ధరను కిందికి లాగాయి. ఆదోని యార్డులో పత్తి ధర ఆ ప్రపంచ ధరను తప్పించుకోలేదు. ఒక చేత్తో పిల్లవాడికి అన్నం, ఇంకో చేత్తో వాళ్ల నాన్న పంటకు దెబ్బ. బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఈ రాయితీలపై ఫిర్యాదు చేసి గెలిచింది. 2014లో అమెరికా రాజీ కుదుర్చుకుని బ్రెజిల్ పత్తి రంగానికి 30 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఫిర్యాదు చేసిన దేశం కాదు గనుక ఇండియాకు అందులో వాటా లేదు.