కోలారు గనులు: వెలుగు, ధూళి

మన యిండ్లలో పెండ్లి కుదిరినప్పుడు బంగారపు ప్రసక్తి రాక మానదు. తూకమెంత, తరుగెంత, మజూరి యెంత అని యడుగువారే కాని, ఆ లోహము ఏ లోతునుండి, ఎవ్వరి చేతులమీదుగా వచ్చినదో యడుగువారు అరుదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున గనులకు ప్రత్యేకముగా నొక అధ్యక్షుని నియమింపుమని చెప్పి, కోశమునకు గనియే మూలమని యెంచెను. కోశమునకు గని మూలమైనచో గనికి మూలమెవ్వరు? ఈ ప్రశ్నకు కోలారు గనుల చరిత్రము చెప్పు సమాధానము మన మందఱమును వినదగినది.

కోలారు సీమ పూర్వపు మైసూరు సంస్థానమునకు తూర్పుకొనను, మన చిత్తూరు జిల్లాకు చేరువను ఉన్నది. అచ్చట తెలుగు ఇంటిభాషగా గలవారు అనేకులు. గనులలో దిగినవారిలో తమిళులు అధికసంఖ్యాకులైనను, తెలుగువారును కన్నడిగులును వారి సరసనే పనిచేసిరి. కావున ఇది పరుల కథ కాదు.

ఆ నేలలో బంగారము గలదని దొరలు వచ్చి మనకు చెప్పలేదు. 1802లో మైసూరు తూర్పుహద్దులను కొలుచుచుండిన వారెన్ అను సైనికోద్యోగి గ్రామస్థులు మన్ను కడిగి బంగారురేణువులు తీయుటను చూచి వ్రాసిపెట్టెను. పూర్వులు త్రవ్విన గోతులు కొన్ని రెండు మూడు వందల అడుగుల లోతువఱకు పోయియుండెను. ఆపైన వారికి నీరు అడ్డుపడెను. ఊటను తోడి పైకి పంపు బలము చేతులకు లేదు. కోలారునందలి మొదటి చిక్కు బంగారమును కనుగొనుట కాదు, నీటిని గెలుచుట.

1875లో లవేల్ అను విశ్రాంత సైనికుడు సంస్థానమునుండి త్రవ్వుటకు అనుమతి పొందెను. అతనికి మూలధనము చాలలేదు. హక్కులు చేతులు మాఱెను. 1880లో లండనునందలి జాన్ టేలరు కంపెనీవారు పనిలో దిగిరి. పెట్టిన సొమ్ము దాదాపు హరించి, వాటాదారులు విసిగియున్న వేళ, 1885 ప్రాంతమున ఛాంపియన్ అని పేరుపడిన బంగారు పొర దొరకెను. అప్పటినుండి గనులు వేగముగా లోతునకు దిగసాగెను. దిగినకొలది నీరు తోడుటకును, రాయి నెత్తుటకును, పిండి కొట్టుటకును శక్తి యెక్కువ కావలసివచ్చెను. ఆవిరియంత్రములు రాత్రింబగళ్లు కట్టెలను, బొగ్గును మ్రింగుచుండెను. బొగ్గు దూరదేశమునుండి రావలెను. అడవులు నానాటికి దూరమగుచుండెను. పైకి వచ్చిన బంగారములో నొక మంచి భాగము పొయ్యిలోనికే పోవుచుండెను.

ఆ కాలముననే శివసముద్రమువద్ద కావేరి కొండలపైనుండి మూడువందల అడుగులకు పైగా వృథాగా దుముకుచుండెను. ఆ నీటిబలమును కోలారునకు చేర్చవచ్చునా? నడుమ దూరము 92 మైళ్లు. 1896లో అమెరికాయందు నయాగరా జలపాతమునుండి బఫలో నగరమునకు విద్యుత్తును పంపినది ముప్పది మైళ్లకు లోపుననే. దానినే లోకము వింతగా చూచెను.

ఇందలి కష్టమును చదువరులు గ్రహింపవలెను. తీగెలో విద్యుత్ప్రవాహ మెంత యెక్కువైన తీగె అంత వేడెక్కి శక్తి వృథాయగును. ప్రవాహము రెండింతలైనచో నష్టము నాలుగింతలు. అట్లు కాక, ఒత్తిడిని పెంచి ప్రవాహమును తగ్గించినచో మేలు కలుగును. ఒత్తిడి పదింతలు చేసిన యెడల పదవవంతు ప్రవాహముతోనే అంత శక్తియు చేరును. నష్టము నూఱవవంతునకు దిగును. కాని అంతటి ఒత్తిడి గల తీగె వానకు తడిసిన స్తంభమును తాకిన శక్తి భూమిలోనికి జాఱిపోవును. పిడుగు పడిన యంత్రములు మాడిపోవును. దూరముతో పాటు వానను, పిడుగును గూడ జయింపవలెను.

దివాను శేషాద్రి అయ్యరు ఈ సాహసమునకు పూనుకొనెను. సంస్థానపు ఇంజనీరైన జోలీ డి లోట్బినియేరు 1899లో ఐరోపా, అమెరికా దేశములకు పోయి నిపుణులతో చర్చించి వచ్చెను. అమెరికానుండి విద్యుద్యంత్రములు, స్విట్జర్లండునుండి నీటిచక్రములు వచ్చెను. రైలు చేరని చోట ఆ బరువులను బండ్లమీదను ఏనుగులచేతను లాగించిరి. 1902 జూను 30వ తేదీన 30,000 వోల్టుల ఒత్తిడితో విద్యుత్తు కోలారు చేరెను. మొదట అందినది సుమారు 4,000 అశ్వశక్తి. ఆ కాలమునాటికి అంతటి దూరమునకు విద్యుత్తును పంపిన యేర్పాటు ఆసియాఖండమున మఱియొకటి లేదు. దానిని తలపెట్టిన దివాను మాత్రము 1901లోనే గతించియుండెను. బెంగుళూరు వీథులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో. అనగా నగరముకంటె మూడేండ్లు ముందుగా గనికి కరెంటు వచ్చెను. వేసవిలో కావేరి సన్నబడినపుడు శక్తి తగ్గుటచేత, నీటిని నిలువచేయుట ఆవశ్యకమయ్యెను. 1911లో విశ్వేశ్వరయ్యగారి ఆధ్వర్యమున ఆరంభమైన కృష్ణరాజసాగరపు ఆనకట్టకు సేద్యముతో పాటు గనుల విద్యుత్తును ఒక ముఖ్యకారణము.

బంగారమును రాతినుండి విడదీయుట మఱియొక చిక్కు. రాతిని పిండిచేసి పాదరసము పూసిన రాగిరేకులపై పాఱించిన, కొంత బంగారము రసమునకు అంటుకొనును. సన్ననిది పిండితో పోవును. 1887లో గ్లాస్గో నగరమున మెకార్థరు, ఫారెస్టు సోదరులు సయనైడు ద్రావకమున బంగారము కరగునని కనిపెట్టి హక్కు వ్రాయించుకొనిరి. కొలది యేండ్లలోనే ఆ పద్ధతి కోలారున అడుగుపెట్టెను. పాఱవేసిన పిండినుండియు బంగారము వచ్చెను.

ఇక లోతు. గని 10,000 అడుగులు దాటినది. అంత లోతున బండయొక్క వేడి 150 డిగ్రీల ఫారన్‌హీటు ప్రాంతముననుండును, చేయి పెట్టరాదు. గాలిని పైననే చల్లబఱచి లోనికి పంపు యంత్రములు పెట్టవలసివచ్చెను. త్రవ్విన ఖాళీలచుట్టు పైబరువు పోగై, ఉన్నట్టుండి బండలు ఫిరంగివలె పేలి మీదికి దూకెడివి. వీనినే రాక్ బర్స్టు లనిరి. పెద్దవి పేలినపుడు నేలపైని యిండ్లు సైతము భూకంపమున వలె అదరెడివి. కొయ్య ఆధారములు చాలక, నల్లరాతి దిమ్మెలతో లోపల గోడలు కట్టిరి. ఈ ప్రయత్నమువలన ప్రాణములు కొన్ని నిలిచినవి, అది ఒప్పుకొనవలసినదే. అయినను బండ కూలిన, మనుష్యులతోపాటు పనియు నిలుచును. కావున ఆ చిక్కును కంపెనీలు ఉపేక్షింపలేవు.

ఉపేక్షింపదగినట్లు కనబడినది ఇంకొకటి కలదు. అది ధూళి.

కోలారు బంగారము చెకుముకివంటి గట్టి తెల్లరాతిలో నుండును. దానికి రంధ్రము వేసినపుడు లేచు నలుసు కంటికి కానరానంత సన్నము. అది ఊపిరితిత్తులలో చేరి వానిని గట్టిపఱచును. రోగి మొదట ఆయాసపడును. పిదప క్షయకు లోనగును. ఏండ్లు గడచినతరువాతగాని పడకనెక్కడు. అప్పటికి గని వాని పేరు కొట్టివేసియుండును. ఈ మరణము పేలుడువలె చప్పుడు చేయదు, పని నాపదు, కావుననే లెక్కకు రాదు.

ఇది తెలియని విషయమందమా? జర్మను విద్వాంసుడు అగ్రికోలా గనులపై వ్రాసిన గ్రంథము 1556లో వెలువడెను. గనిధూళి ఊపిరితిత్తులను తినివేయుననియు, కార్పతియను కొండలలో ఏడుగురు భర్తలను వరుసగా పోగొట్టుకొన్న స్త్రీలు గలరనియు అందు గలదు. దక్షిణాఫ్రికా బంగారుగనులలో ఈ రోగమునకు పరిహారమిచ్చు చట్టములు 1911, 1912లలో పుట్టెను. కోలారున విస్తారమైన వైద్యపరీక్ష జరిగినది 1940, 1946ల నడుమ. ఏడువేలకు పైగా కార్మికులను చూడగా నూటికి నలువదిమందికి మించి ఈ రోగచిహ్నములు కనబడెను. మన దేశమున ఈ వ్యాధి తొలుత ప్రకటితమైనది 1947లో, కోలారునుండియే.

ఈ యేండ్లను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. నయాగరా విద్య సముద్రములు దాటి కోలారు చేరుటకు పట్టినది ఆఱేండ్లు. సయనైడు విద్యకును ఎంతోకాలము పట్టలేదు. ఊపిరిని గూర్చిన విద్యకు మాత్రము దక్షిణాఫ్రికా చట్టములనుండి లెక్కించినను ముప్పది యేండ్లు, అగ్రికోలానుండి లెక్కించిన నాలుగు శతాబ్దములు. శాస్త్రము కుంటిది కాదు. దానిని పిలిచినవారు ఏ పనికి పిలిచిరో ఆ పని చేసినది. ఖర్చు తగ్గించుటకు పిలిచినపుడు పరుగున వచ్చినది; కూలివాని రొమ్మును కాపాడుటకు పిలిచినవారు లేరు.

1956లో గనులు ప్రభుత్వపరమయ్యెను. రాతిలో బంగారము టన్నుకు మూడు నాలుగు గ్రాములకు దిగజాఱి, ఖర్చు రాబడిని మించుటచేత 2001 ఫిబ్రవరి 28న మూతపడెను. నూటయిరువది యేండ్లలో సుమారు 800 టన్నుల బంగారము వెడలినది. మిగిలినది పదమూడు గుట్టలు: మూడుకోట్ల టన్నులకు మించిన పిండి. గాలివీచు నెలలలో ఆ పిండి లేచి యిండ్లలో పడును. గనిలో పనిచేసినవారి బిడ్డలు వేకువనే రైలెక్కి బెంగుళూరికి కూలికి పోవుచున్నారు.

ఆ పిండిలో ఇంకను కొంత బంగారము కలదు. దానిని తీయుటకు కేంద్రప్రభుత్వము తలపెట్టగా 2024లో కర్ణాటక ప్రభుత్వము సమ్మతించినది. గుట్టలను కదలించినచో ధూళి మఱల లేచును. దానిని తడిపి యుంచు విద్య, గాలిలోని నలుసును కొలుచు విద్య, రోగమును మొదటనే గుర్తించు విద్య నేడు అన్నియు కలవు. కావున ఈ మాఱు తెలియలేదనుటకు ఎవ్వరికిని అవకాశము లేదు. బంగారమెంత వచ్చునని లెక్క వ్రాయు పుస్తకముననే, మొదటి పుటయందు, ఆ యూరివారి ఊపిరి లెక్కయు వ్రాయవలెనని అడుగుట మన విధి. నగ చేయించుకొను చేతులకు అడుగు హక్కు లేదని ఎవ్వరనగలరు?